బొమ్మ ముందా? మాట ముందా?

"ఫలానా సినిమా చూశావా?" అని అడుగుతాం గానీ "విన్నావా?" అని ఎవరం అడగం. అయినా మనలో మాట... మన తెలుగువాళ్ళు సినిమాలు చూసింది ఎక్కువా, విన్నది ఎక్కువా?

కృష్ణాజిల్లా పల్లెల్లో పెళ్ళిపందిట్లో మైకుసెట్టు కట్టినా, వినాయకచవితి పందిట్లో కట్టినా పొద్దున మోగేవి పాటలు, పొద్దు వాలాక మోగేవి మాటలు. 1977 సంక్రాంతికి విడుదలైన 'దానవీరశూరకర్ణ'ని ఒక్కసారి చూసి వందసార్లు విన్నవాళ్ళు మా వైపు ఊరికి పదిమంది తేలతారు. కొండవీటి వెంకటకవిగారు రాసిన ఆ సంభాషణల్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే సైకిల్‌షాపు కుర్రాళ్ళు నాకు తెలుసు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేస్తే ఇంటిల్లిపాదీ చెవులప్పగించేవాళ్ళం. తెర లేదు, బొమ్మ లేదు. అయితేనేం? నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావుగారి గొంతు వినబడిందంటే గదినిండా ఘటోత్కచుడే!

మరి బొమ్మ ఉండి మాట లేకపోతే? 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చేదాకా తెలుగు సినిమా నోరు విప్పలేదు. 1921లో మన బెజవాడ మారుతీ హాలు మొదలైంది మూకీలతోనే. ఆ రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి ఎవరేమంటున్నారో జనానికి గొంతెత్తి చెప్పేవాడట.

అలాంటాయన మా ఇంట్లోనూ ఒకరుండేవారు. మా నాన్న.

ఒకరికి బొమ్మ... ఒకరికి మాట

నాన్న వయసులో ఉండగా గుడివాడ చుట్టుపక్కల టూరింగ్ టాకీసుల్లో ఆపరేటరు. డేరా, ఒక్కటే ప్రొజెక్టరు, రీలు రీలుకీ ఒక విరామం. కార్బన్ కడ్డీలు జరుపుకుంటూ, జనం ఈలలు వేస్తే లోపల్నుంచి తానూ ఒక ఈల వేసి బదులు చెప్పేవారట. అలాంటి మనిషికి పెద్దవయసులో నీటికాసుల జబ్బు పట్టుకుంది. నొప్పీ గిప్పీ లేకుండా చూపుని పక్కలనుంచి తినేసుకుంటూ వచ్చే జబ్బది. 2004 నాటికి ఆయనకి వెలుగూ చీకటీ తేడా తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

అమ్మకి చూపు భేషుగ్గా ఉంది. చెవులే లేవు! మిషను కొనిపెడితే "చెవిలో కీచురాయి దూరినట్టుందిరా" అని తీసి తమలపాకుల డబ్బాలో పెట్టేసింది.

సత్యనారాయణపురంలో మా అద్దె ఇంట్లో సాయంత్రం టీవీ ముందు ఈ దంపతుల్ని చూసితీరాలి. వినబడిన మాటని నాన్న అమ్మ చెవిలో గట్టిగా చెప్పేవారు. కనబడిన బొమ్మని అమ్మ నాన్నకి చెప్పేది.

"ఏవండీ, కృష్ణుడొచ్చాడు. ఈయనా రామారావేనండీ!"

"ముగ్గురూ రామారావేనే! కర్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. తీసిందీ ఆయనే. నువ్వు కిరీటం చూసి చెప్పు."

ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి ప్రేక్షకుడు! పక్కింటివాళ్ళకి అది నవ్వులాట. కానీ నలభై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ తీరిగ్గా కూచుని మాట్లాడుకోవడం నేను చూసింది ఆ సాయంత్రాల్లోనే.

చిక్కల్లా ఏంటంటే పాత సినిమాలు ఛానెళ్ళవాళ్ళు రాత్రిపూట వేసేవారు. అమ్మ ఎనిమిదిన్నరకల్లా నిద్రపోయే మనిషి. 'దానవీరశూరకర్ణ' చూస్తే దాదాపు నాలుగు గంటల బొమ్మ. మూడు గంటల వీడియో కాసెట్టులో అది పట్టదు. అద్దెకి తెచ్చిన సీడీల్లో రెండోది గీతలు పడి ఆగిపోయేది. సరే, టీవీలో వచ్చినప్పుడు కంప్యూటర్లో పట్టేద్దాం, రోజుకి గంట చొప్పున చూపిద్దాం అని 2006లో నడుం కట్టాను.

మూరెడు వైరు

గవర్నరుపేటలో ఒక చిన్న కొట్లో టీవీ ట్యూనర్ కార్డు కొన్నాను. కంప్యూటరు మూత తీసి కార్డు గుచ్చి, వెనక కేబుల్ వైరు తగిలించాను. బొమ్మ వచ్చింది. మాట రాలేదు!

ఇందులో వింతేమీ లేదు. ఆనాటి కార్డుల్లో చాలావాటికి బొమ్మ లోపలి దారినే కంప్యూటర్లోకి పోయేది. శబ్దం మాత్రం కార్డు వెనక రంధ్రంలోంచి బయటికొచ్చి, మూరెడు వైరు పట్టుకుని, సౌండ్‌కార్డు రంధ్రంలోంచి మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఆ సౌండ్‌కార్డుకి మూడు రంగుల రంధ్రాలుంటాయి. ఆకుపచ్చది స్పీకర్లకి, గులాబీది మైకుకి, లేతనీలంది లైన్-ఇన్. మన వైరు నీలంలోకే పోవాలి. మైకు రంధ్రం సన్నని గొంతుని పెంచడం కోసం పెట్టింది. అందులోకి ట్యూనర్ శబ్దాన్ని తోశామా... రామారావుగారి గొంతు పగిలిన కుండ మోతే!

తర్వాత మాట వచ్చింది. స్పీకర్లలో ఖంగున మోగింది. పరీక్షకి పది నిమిషాలు పట్టి మళ్ళీ వేసి చూస్తే... నిశ్శబ్దం! నాన్న వింటూ కూచుని అన్నారు: "క్యాబిన్లో మోగితే హాల్లో మోగినట్టేనట్రా?" అక్షరాలా అదే సంగతి. ప్రొజెక్టరు గదిలో ఆపరేటరు వినడానికి ఒక చిన్న స్పీకరుంటుంది. అది మోగినంతలో హాల్లో తెర వెనక స్పీకరు మోగుతున్నట్టు కాదు. అలాగే విండోస్ ఎక్స్‌పీలో వినడానికి ఒక పట్టిక, రికార్డు చెయ్యడానికి వేరే పట్టిక. రెండో దాంట్లోకి వెళ్ళి లైన్-ఇన్ ఎంచుకుంటే తప్ప డిస్కు మీద పడేది శూన్యమే.

పాము బుస

కొన్ని ఛానెళ్ళలో మాటకి బదులు పాము బుస కొడుతున్నట్టు ఒకటే హోరు. దీని వెనక పెద్ద కథే ఉంది. అనలాగ్ టీవీలో బొమ్మకొక తరంగం, మాటకొక తరంగం. రెండిటి మధ్యా ఎంత ఎడం ఉండాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా పెట్టుకుంది. మన దేశంలో 5.5 మెగాహెర్ట్జ్. బ్రిటన్‌లో 6. చైనాలో 6.5. అమెరికాలో 4.5. ఏ దేశానికో తయారైన కార్డు అక్కడి ఎడంలోనే మాట కోసం వెతుకుతుంది. బొమ్మ శుభ్రంగా వస్తుంది, మాట ఉండాల్సిన చోట బుస వస్తుంది. ప్రోగ్రాంలో దేశాల జాబితా తీసి 'ఇండియా' ఎంచుకున్నాను. బుస పోయింది.

బుస పోయాక 'గుయ్యి'మనే మోత మిగిలింది. అది కరెంటు మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపే చెవికి తగులుతుంది. కేబుల్ వైరు పైతొడుగు ఎక్కడో వీధి స్తంభం దగ్గర భూమిని తాకుతుంది. మన కంప్యూటరు మన ఇంటి ఎర్తు ద్వారా తాకుతుంది. రెండు చోట్ల నేల తాకితే మధ్యలో చుట్టు ఏర్పడి మోత పుడుతుంది. కేబుల్ పీకగానే మోత ఆగిందంటే దొంగ వాడేనన్నమాట. మందేమిటంటే ఆ మూరెడు వైరు మధ్యలో ఒక చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు. శబ్దం దాటుతుంది, మోత దాటదు. కొందరు కంప్యూటరు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తే చాలంటారు. ఆ పని మాత్రం చెయ్యకండి బాబూ! మోతతోపాటు ప్రాణమూ పోగలదు.

ఇక గొంతు హెచ్చుతగ్గులు. కర్ణుడు మెల్లగా బాధపడే సీను చూసి శబ్దం పెంచి పెట్టామనుకోండి, దుర్యోధనుడు సభలో లేచి నిలబడగానే మీటరు నెత్తికెక్కుతుంది, గొంతు బద్దలవుతుంది. ఒకసారి బద్దలై రికార్డయిన శబ్దాన్ని ఏ మంత్రమూ అతకలేదు. సన్నగా పడిన శబ్దాన్ని తర్వాత పెంచుకోవచ్చు. అందుకని అన్నిటికంటే పెద్ద గొంతుని చూసి, దానికి పైన ఇంకాస్త చోటు వదిలి పెట్టుకోవాలి.

నోరొకచోట... మాటొకచోట

సంక్రాంతి రోజుల్లో ఒక ఛానెల్ వాళ్ళు బొమ్మ వేశారు. ప్రకటనలతో కలిపి అయిదు గంటలు. కరెంటు పోలేదు, డిస్కు నిండలేదు. మర్నాటి నుంచి సాయంత్రం గంట చొప్పున మొదలుపెట్టాం. మొదటిరోజు పండగే. రెండోరోజు ఫరవాలేదు. మూడోరోజుకి మొదలైంది రభస.

"ఏవండీ, నోరు తెరిచాడు. ఏమంటున్నాడు?"

"అనడం అయిపోయిందే!"

"ఎప్పుడన్నాడండీ? ఇప్పుడేగా నోరు తెరిచింది?"

"అన్నాడంటుంటే! చెవుడు నీకా నాకా?"

"గుడ్డి మీకా నాకా?"

పాఠకులు నవ్వుతున్నారేమో. నాకు నవ్వు రాలేదు. నాలుగోరోజు అమ్మ టీవీ దగ్గరికి రాలేదు, వంటింట్లో బియ్యం ఏరుతూ కూచుంది. నాన్న ఒక్కరే విన్నారు. అయిదోరోజు ఆయనా వద్దన్నారు. నలభై ఏళ్ళలో ఎన్ని పోట్లాటలు పడ్డారో నాకు తెలియదుగానీ, ఒకరి లోపాన్ని ఒకరు ఎత్తిపొడుచుకోవడం నేను వినడం అదే మొదలు.

నేను కూచుని చూశాను. నిజమే, మాట ముందొస్తోంది, నోరు తర్వాత మెదులుతోంది. ఆ సంగతి నాన్నకి చెబితే ఆయన ఒకే ప్రశ్న వేశారు.

"మొదట్లో ఎంత తేడా? చివర్న ఎంత తేడా?"

కొలిచాను. మొదట్లో ఏమీ లేదు. గంట గడిచేసరికి సెకనులో మూడోవంతు. చివరికి సెకనున్నర పైమాటే.

"అయితే లూపు కాదురా" అన్నారు నాన్న.

ఆ లూపు సంగతి కాస్త చెప్పాలి. మీలో ఫిల్ము రీలుని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎందరున్నారో! రీలు మీద బొమ్మ పక్కనే, అంచున, మాటకి ఒక సన్నని గీత ఉంటుంది. కానీ ఏ బొమ్మ మాట ఆ బొమ్మ పక్కన ఉండదు! కిటికీ ముందు బొమ్మ ఒక్కొక్కటే ఆగి ఆగి కదలాలి. సెకనుకి 24 సార్లు ఆగుతుంది. మాట చదివే బల్బు ముందు రీలు ఆగకుండా సాఫీగా పోవాలి. ఆగిందంటే గొంతు వణుకుతుంది. అందుకే ఆ రెండు చోట్లూ వేరు. మాటని బొమ్మకంటే సుమారు ఇరవై బొమ్మలంత ముందుకి జరిపి అచ్చువేస్తారు. రెండు చోట్ల మధ్యా రీలుని ఎంత వదులుగా చుట్టాలన్నది ఆపరేటరు చేతిలో ఉంటుంది. దాన్నే లూపు అంటారు. లూపు పెద్దదైనా చిన్నదైనా నోరొకచోట మాటొకచోట అవుతుంది, కింద నేల టిక్కెట్టువాళ్ళు బెంచీలు ఎత్తుతారు.

"లూపు తప్పితే మొదటి బొమ్మ దగ్గర్నుంచి ఆఖరి బొమ్మ దాకా ఒకటే తేడా ఉంటుంది. నీది పోనుపోనూ పెరుగుతోంది. అంటే నీ పెట్టెలో రెండు మోటార్లున్నాయిరా! ఒకటి బొమ్మని లాగుతోంది, ఒకటి మాటని లాగుతోంది. మా ప్రొజెక్టర్లో రెండిటికీ ఒకటే మోటారు."

కంప్యూటరు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి చెప్పిన మాట ఇది. అక్షరాలా నిజం. బొమ్మ సెకనుకి 25 చొప్పున ఛానెల్ వాళ్ళ గడియారం ప్రకారం వస్తుంది. మాటని సెకనుకి 48,000 ముక్కలుగా కోసి దాచేది సౌండ్‌కార్డు. అది తన సొంత గడియారం ప్రకారం కోస్తుంది. ఆ గడియారం పదివేలలో ఒక్క వంతు మందగిస్తే చాలు, గంటకి 3,600 సెకన్లు కదా, సెకనులో మూడోవంతు పైనే తేడా పడుతుంది. పాటలు వినేటప్పుడు ఇది ఎవరికీ తెలియదు. పక్కన నోరు కనిపించినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఇంకో రకం రోగం కూడా ఉంది. తేడా మెల్లగా పెరగకుండా ఉన్నట్టుండి గెంతితే, డిస్కు తొందరలో కొన్ని బొమ్మల్ని మింగేసిందని గుర్తు. అప్పుడు రికార్డింగు జరిగేటప్పుడు మిగతా ప్రోగ్రాములన్నీ మూసెయ్యాలి. కాబట్టి నాన్న ప్రశ్న పచ్చబొట్టు పొడిపించుకోదగ్గది. ఒకటే తేడానా, పెరిగే తేడానా, గెంతే తేడానా? రోగం తెలిస్తే మందు తేలికే.

ప, బ, మ

మందు ఎలా వేశామంటే... ముందు ప్రకటనలు తీసేశాను. బొమ్మ పదహారు ముక్కలైంది. జన్మలో మొదటిసారి ఆ ప్రకటనలకి దణ్ణం పెట్టుకున్నాను. అయిదు గంటల తేడాని ఒకేసారి సరిచెయ్యక్కర్లేదు, ఏ ముక్కకి ఆ ముక్క సర్దుకోవచ్చు. ప్రతి ముక్కకీ మాటని కాస్త వెనక్కి జరపాలి, కొద్దిగా సాగదియ్యాలి. ఉచితంగా దొరికే ప్రోగ్రాములతోనే ఆ పని అవుతుంది.

కానీ ఎంత జరపాలి? షూటింగులో అయితే క్లాప్ కొడతారు, పలక మూసుకోవడం కనిపిస్తుంది, 'టప్' అని వినిపిస్తుంది. మనకి క్లాప్ ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలుగు అక్షరాల్లోంచి! ప, బ, మ. పెదవులు మూసుకోకుండా ఈ మూడూ ఎవ్వరూ పలకలేరు, ఎంత పెద్ద నటుడైనా సరే. దుర్యోధనుడి డైలాగుల్లో వాటికి కరువా?

అమ్మని వంటింట్లోంచి బతిమాలి తీసుకొచ్చాను. ఇన్నేళ్ళుగా మనుషుల పెదవులు చూసే మాట పోల్చుకుంటున్న మనిషి. ఆవిడ తెరకి దగ్గరగా కూచుని పెదవులు మూసుకున్నప్పుడల్లా తొడమీద చెయ్యి కొట్టేది. నాన్న 'ప' వినబడగానే కుర్చీ చెక్క మీద కొట్టేవారు. ఆ రెండు దెబ్బల మధ్య ఎడం చూసి, ఏ మాట దగ్గర ఎంతన్నది నేను రాసుకునేవాణ్ణి. తర్వాత కంప్యూటర్లో శబ్దపు గీత పెద్దది చేసి, 'ప' ఎక్కడ పేలిందో చూసి, ఖచ్చితంగా సర్దేవాణ్ణి. నా కన్నూ చెవీ రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఆమె కన్నంత, ఆయన చెవంత పదునుగా మాత్రం లేవు. తేడా ఉందంటే నాకంటే ముందు వాళ్ళే పట్టేవాళ్ళు.

ఒక విశేషం గమనించాం. మాట కాస్త వెనకబడితే వాళ్ళు సరిపెట్టుకునేవాళ్ళు, రవ్వంత ముందొస్తే మాత్రం ఒప్పుకునేవాళ్ళు కాదు. తర్వాత తెలిసింది, ఇది అందరికీ ఉన్నదేనట! అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం మాట బొమ్మకంటే సెకనులో వెయ్యింట 45 వంతులు ముందొస్తే జనం పసిగడతారు. వెనకబడితే 125 వంతుల దాకా పట్టించుకోరు. నాన్న దీనికీ కారణం చెప్పారు. డేరాలో వెనక కుర్చీలవాళ్ళకి మాట ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే చేరుతుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కదా, తెరకి 34 మీటర్ల దూరంలో కూచుంటే సెకనులో పదోవంతు ఆలస్యం. చాకిరేవులో బండమీద బట్ట పడ్డాకే దెబ్బ వినిపిస్తుంది. మాట ఆలస్యమవడం లోకంలో ఉన్నదే. మాట ముందొచ్చి మనిషి తర్వాత నోరు తెరవడం లోకంలో లేదు!

పదహారు ముక్కలకి పన్నెండు సాయంత్రాలు పట్టింది. అసలు బొమ్మ చూసిందానికంటే ఆ పన్నెండు సాయంత్రాలే వాళ్ళకి ఎక్కువ సరదా అయ్యాయని నా అనుమానం. "ఏవండీ, కొట్టానండీ!" "నేనూ కొట్టానే!" అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీ. ఎత్తిపొడుపుల ఊసే లేదు.

ఇప్పటి మాట

ఆ కార్డు ఇప్పుడు పనికిరాదు. 2012 నుంచి 2017 మధ్య దశలవారీగా దేశంలో అనలాగ్ కేబుల్ తీసేసి డిజిటల్ పెట్టారు. ఇప్పుడు మాటా బొమ్మా ఒకే తీగలో, ఒకే గడియారంతో వస్తున్నాయి. అంతమాత్రాన రోగం పోయిందనుకోకండి. మీ ఇంట్లో టీవీకి తీగలేని బ్లూటూత్ స్పీకరు తగిలించి ఏ పాత సినిమాలోనన్నా దగ్గరగా మొహం చూపించే సీను పెట్టండి. ప, బ, మ దగ్గర పెదవులు చూడండి. మాట వెనకబడితే టీవీ సెట్టింగుల్లో శబ్దపు ఆలస్యం సర్దే చోటు ఉంటుంది. ఒకటే తేడా కాబట్టి అది లూపు జబ్బే, రెండు నిమిషాల్లో కుదురుతుంది.

నాన్న 2012లో పోయారు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గర డిస్కులో భద్రంగా ఉంది. అమ్మ అప్పుడప్పుడూ పెట్టమంటుంది. ఆవిడకి ఇప్పుడు బొత్తిగా వినబడదు. పిల్లలు చదువుకుంటున్నారని ఒకసారి శబ్దం తగ్గించబోయాను. ఎలా కనిపెట్టిందో ఏమో, "తగ్గించకురా" అంది. "నీకు వినబడదు కదే అమ్మా" అని సైగ చేశాను.

"నాకు వినబడకపోతేనేం? పెట్టు. ఆయన మాట ముందొచ్చిందో, వెనకొచ్చిందో నేను చూసి చెబుతాగా!" అంది.

'ఆయన' అంటే రామారావుగారో, నాన్నో నేను అడగలేదు. శబ్దం పెంచాను. పెదవులు మూసుకున్నప్పుడల్లా అమ్మ తొడమీద చెయ్యి కొడుతూనే ఉంది.

కాబట్టి మిత్రులారా, ఇంట్లో పెద్దవాళ్ళకి సినిమా పెట్టేటప్పుడు తెర ఎన్ని అంగుళాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు మాట సంగతి చూడండి.